బహుళ కెమెరా చిత్రీకరణ ప్రయోగశాల: లోపాలను గుర్తించడం, సరిచేయడం

ఒక్క కెమెరాతో పనిచేసేటప్పుడు లోపం వెంటనే బయటపడుతుంది. తెర నల్లబడుతుంది, లేదా బొమ్మ మసకగా వస్తుంది. ఎనిమిది కెమెరాలు కలిసి పనిచేసే చోట అలా కాదు. ఎనిమిది తెరల మీదా బొమ్మ చక్కగానే కనిపిస్తుంది. మర్నాడు వాటిని కలిపి చూసినప్పుడు గాని అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదని తెలియదు. అప్పటికి నర్తకి ఊరికి వెళ్లిపోయి ఉంటుంది, ఊరేగింపు ముగిసి ఉంటుంది. అందువల్ల బాగున్నట్టు కనిపించే రికార్డింగులో లోపాన్ని ఎలా పట్టుకోవాలన్న విషయానికే ఈ పాఠంలో ఎక్కువ చోటు ఇచ్చాం. దీనికి గుణకారం, భాగహారం వస్తే చాలు. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి.

1. కొంత నేపథ్యం

ఒక సంఘటనను అన్ని వైపుల నుంచీ ఒకేసారి చిత్రించి, తరువాత మనకు నచ్చిన చోటు నుంచి చూసుకునే వీలు కల్పించాలన్న ఆలోచన 1990లలో ఒక రూపం తీసుకుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తకేయో కనాడే బృందం 5 మీటర్ల వ్యాసం గల గుమ్మటం లోపల 51 కెమెరాలు బిగించింది. అన్ని కెమెరాల సమాచారాన్ని ఒకేసారి కంప్యూటర్లలోకి ఎక్కించే శక్తి అప్పట్లో లేదు. కాబట్టి ఒక్కో కెమెరాకు ఒక్కో వీసీఆర్ తగిలించి, ప్రతి ఫ్రేములో కాలసంకేతాన్ని ముద్రించి, ఆ తరువాత తీరికగా టేపులను కంప్యూటరులోకి మార్చుకున్నారు. 1998 నాటికి అదే బృందం 49 కెమెరాలను 17 కంప్యూటర్లకు నేరుగా కలిపే గదిని కట్టింది. గుమ్మటం పనిలో పాల్గొన్న పరిశోధకులలో ఒకరైన పి. జె. నారాయణన్ తరువాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి వచ్చి, దాని డైరెక్టరు అయ్యారు. అంటే ఈ విద్య మన ఊరికి మరీ దూరపు చుట్టమేమీ కాదు.

ఆ టేపుల మీది కాలసంకేతాన్ని గుర్తుంచుకోండి. బహుళ కెమెరా ప్రయోగశాలలో బొమ్మ ఎంత ముఖ్యమో, ఆ బొమ్మ ఏ క్షణానిదో అంతే ముఖ్యం.

2. మన ఉదాహరణ

పాఠం పొడుగునా ఒకే ఉదాహరణ తీసుకుందాం. మొజంజాహీ మార్కెట్ కూడలిని ఎనిమిది కెమెరాలతో చిత్రించి, ఆ కట్టడాన్నీ దాని ముందు కదిలే జనాన్నీ కంప్యూటరులో త్రిమితీయంగా నిర్మించాలి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కుమారుడి పేరు మీద 1935లో వెలసిన ఈ రాతి మార్కెట్‌కు గడియారపు బురుజు ఉంది, వరుస కమానులు ఉన్నాయి, సాయంత్రం గోడల మీద దీపాల వెలుగు ఉంది, ముందు ఆగని వాహనాల రద్దీ ఉంది. ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా ఎదురయ్యే చిక్కులన్నీ ఇక్కడ ఒకేచోట దొరుకుతాయి. పైగా కేబులు పాడైతే ట్రూప్ బజార్, కోఠీలోని గుజరాతీ గల్లీ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. (కూడలిలో స్టాండులు నిలపాలంటే పోలీసుల అనుమతి కావాలి. ఆ సంగతి ముందే చూసుకోవాలి.)

3. ఒకసారికి ఒక్క మార్పు

ఐదో కెమెరా నుంచి బొమ్మ రావడం లేదు. చాలామంది వెంటనే కేబులు మారుస్తారు, స్విచ్‌లో సాకెట్టు మారుస్తారు, కంప్యూటరును ఆపి మళ్లీ వేస్తారు. బొమ్మ వస్తుంది. కాని ఏది మార్చడం వల్ల వచ్చిందో తెలియదు కాబట్టి, గంట తరువాత అదే లోపం మళ్లీ వస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

దీనికి బదులుగా బాగా పనిచేస్తున్న నాలుగో కెమెరానూ, పనిచేయని ఐదో కెమెరానూ పక్కపక్కన పెట్టి, రెండింటి కేబుళ్లను మాత్రం ఒకదానికొకటి మార్చండి. ఇప్పుడు నాలుగో కెమెరా ఆగిపోతే లోపం కేబులుది. ఐదోదే ఆగి ఉంటే కేబులు మంచిదే. అప్పుడు కేబుళ్లను యథాస్థానంలో పెట్టి, స్విచ్ వైపు సాకెట్లను మార్చి చూడండి. లోపం దేని వెంట పోతుందో అదే దోషి. మార్పునూ, ఫలితాన్నీ, సమయాన్నీ నోటుపుస్తకంలో ఒక్కో వరుసగా రాయండి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది కాని, ఎనిమిది కెమెరాల మధ్య జ్ఞాపకశక్తిని నమ్ముకోవడం కంటే మేలు.

4. విద్యుత్తు, తీగలు

పగలంతా పనిచేసి, చీకటి పడగానే ఆగి ఆగి పనిచేసే కెమెరాను మీరు ఏ దుకాణంలోనైనా చూసి ఉంటారు. కెమెరా పాడైందని మార్చేస్తారు, కొత్తదీ అలాగే చేస్తుంది. కారణం ఓమ్ నియమంలో ఉంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం మీటరుకు దాదాపు 0.034 ఓమ్‌లు. కెమెరా 30 మీటర్ల దూరంలో ఉంటే విద్యుత్తు వెళ్లిరావడానికి 60 మీటర్ల తీగ, అంటే సుమారు 2 ఓమ్‌లు. పగలు 0.5 ఆంపియర్ తీసుకునే కెమెరాకు 1 వోల్టు తగ్గి, 12కు బదులు 11 వోల్టులు అందుతాయి. దానితో అది నెట్టుకొస్తుంది. చీకట్లో పరారుణ దీపాలు కూడా వెలిగి 1 ఆంపియర్ తీసుకుంటే 2 వోల్టులు తగ్గుతాయి. కెమెరా ఆగుతుంది. ఆగగానే దీపాలు ఆరి వోల్టేజి పెరుగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. వోల్టేజిని అడాప్టరు దగ్గర కొలిచి లాభం లేదు. కెమెరా దగ్గర, అది పనిచేస్తుండగా కొలవాలి.

నెట్‌వర్క్ కేబులు ద్వారానే విద్యుత్తు అందించే స్విచ్‌లలో ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. ఒక్కో సాకెట్టు 15.4 వాట్లు ఇవ్వగలదని పెట్టె మీద ఉంటుంది. మొత్తం స్విచ్ ఇవ్వగలిగేది 60 వాట్లే కావచ్చు. 9 వాట్ల కెమెరాలు ఎనిమిది తగిలిస్తే 72 వాట్లు కావాలి. ఆరు పనిచేస్తాయి, మిగిలిన రెంటికి విద్యుత్తు అందదు. లోపం కెమెరాలోనూ లేదు, కేబులులోనూ లేదు, కూడికలో ఉంది.

5. సమాచార ప్రవాహం

ఒక కెమెరా 1920 × 1080 బిందువుల బొమ్మలను, బిందువుకు ఒక బైటు చొప్పున, సెకనుకు 25 ఫ్రేములు పంపుతోందనుకుందాం. ఒక ఫ్రేముకు 20,73,600 బైట్లు; సెకనుకు దాదాపు 51.8 మెగాబైట్లు. ఎనిమిది కెమెరాలకు సెకనుకు 415 మెగాబైట్లు. ఒక గంటకు సుమారు 1.5 టెరాబైట్లు. ఈ మూడు అంకెలను ప్రయోగశాల గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోవచ్చు.

గిగాబిట్ నెట్‌వర్క్ కేబులు ఆచరణలో సెకనుకు దాదాపు 115 మెగాబైట్లు మోస్తుంది. అంటే రెండు కెమెరాలు మాత్రమే. ఎనిమిది కెమెరాలను ఒక స్విచ్‌కు తగిలించి, ఆ స్విచ్ నుంచి కంప్యూటరుకు ఒకే గిగాబిట్ కేబులు వేస్తే ఫ్రేములు రాలిపోక తప్పదు. యూఎస్‌బీ 3.0 నామమాత్రపు వేగం సెకనుకు 5 గిగాబిట్లు; ఆచరణలో 350 నుంచి 400 మెగాబైట్ల వరకు వస్తుంది. నాలుగు కెమెరాలకు ఇది చాలు, ఎనిమిదికి చాలదు. కంప్యూటరుకు ఎనిమిది యూఎస్‌బీ సాకెట్లు ఉండవచ్చు గాక, లోపల అవన్నీ ఒకే నియంత్రికకు కలిసి ఉంటే అన్నీ కలిసి పంచుకునేది ఆ ఒక్క దారినే.

ఇక్కడ విద్యార్థులను ఎక్కువగా తిప్పలు పెట్టే లోపం ఒకటి ఉంది. కెమెరా బొమ్మ వస్తుంది, కాని సెకనుకు ఐదారు ఫ్రేములే. కేబులులో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి, 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు. కొనను సరిగా క్రింప్ చేయకపోతే ఒక జత తెగి, పరికరాలు రెండూ నిశ్శబ్దంగా 100 మెగాబిట్లకు దిగిపోతాయి. అప్పుడు సెకనుకు 12 మెగాబైట్లే పోతాయి. దాన్ని ఒక ఫ్రేము పరిమాణంతో భాగిస్తే ఐదు దాటి, ఆరుకు కాస్త తక్కువగా వస్తుంది. కాబట్టి మీ కెమెరా అంత వేగంతోనే నడుస్తుంటే కెమెరా అమరికలను కెలకకండి. ముందు కనెక్షన్ వేగం చూసి, కేబులు మార్చండి.

మరొక లోపం నాలుగైదు నిమిషాల తరువాత మొదలవుతుంది. రికార్డింగు చక్కగా మొదలవుతుంది, పరీక్షకు ఒక నిమిషం తీసి చూస్తే అన్నీ సరిగ్గా ఉంటాయి. అసలు కార్యక్రమంలో మాత్రం ఫ్రేములు పోతాయి. చవక రకం ఎస్‌ఎస్‌డీలు మొదట వచ్చిన సమాచారాన్ని వేగంగా రాసుకునే భాగంలో పెట్టుకుంటాయి. అది నిండగానే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ భాగం 100 గిగాబైట్లు ఉంటే, సెకనుకు 415 మెగాబైట్ల లెక్కన నాలుగు నిమిషాల్లో నిండుతుంది. కాబట్టి పరీక్ష రికార్డింగు అసలు కార్యక్రమం ఎంతసేపో అంతసేపూ చేయాలి. ఒక నిమిషపు పరీక్ష ఏ భరోసా ఇవ్వదు.

6. వెలుతురు

మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్‌జ్. దానితో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టరు 1/50 లేదా 1/100 సెకను ఉంటే ప్రతి ఫ్రేములోకీ పూర్తి మిణుకులే వస్తాయి, వెలుతురు సమంగా ఉంటుంది. 1/60 అయితే ఒకటీ మూడింట రెండు వంతుల మిణుకు వస్తుంది. బొమ్మలో నల్లని పట్టీలు కదులుతాయి. సెకనుకు 30 ఫ్రేముల అమరికతో వచ్చిన కెమెరాలను 25కు మార్చడం మొదటి పని.

అయినా పట్టీలు మెల్లగా పైకో కిందికో జరుగుతుంటే కంగారు పడకండి. విద్యుత్ గ్రిడ్ పౌనఃపున్యం సరిగ్గా 50 వద్ద నిలవదు; 49.90 నుంచి 50.05 హెర్ట్‌జ్ వరకు నియమాలే అనుమతిస్తాయి. మార్కెట్ గోడల మీది ఎల్‌ఈడీ దీపాల సంగతి వేరు. కాంతి తగ్గించే పద్ధతిని బట్టి అవి వేరే వేగాలతో మిణుకుమనవచ్చు. వాటికి సూత్రం లేదు. చీకటి పడ్డాక అక్కడే నిలబడి రెండు మూడు షట్టరు వేగాలతో తీసి చూసుకోవాలి.

7. కాలం: అసలు కష్టం ఇక్కడే

సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. రెండు కెమెరాలను విడివిడిగా మొదలుపెట్టి, తరువాత ఎడిటింగులో ఫ్రేముకు ఫ్రేము జత చేసినా వాటి మధ్య 20 మిల్లీసెకన్ల వరకు తేడా మిగిలిపోవచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో ఆ 20 మిల్లీసెకన్లలో 11 సెంటీమీటర్లు కదులుతుంది. ఒక కెమెరా ఆటోను ఒకచోట చూస్తే, రెండోది 11 సెంటీమీటర్ల అవతల చూస్తుంది. ఈ రెండు చూపులను కలిపి త్రిమితిలో ఆటోను నిర్మిస్తే అది ఉండకూడని చోట తేలుతుంది.

ఇందులోనే ఈ పాఠంలోని అతి ముఖ్యమైన పరీక్ష ఉంది. కట్టడపు రాళ్లు అన్ని కెమెరాలలోనూ పొసగుతూ, కదిలే మనుషులు, వాహనాలు మాత్రం పొసగకపోతే లోపం కాలానిది. రాళ్లు కూడా పొసగకపోతే లోపం కెమెరాల క్రమాంకనానిది. కదలని రాయికి కాలంతో పనిలేదు కదా. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

మొదట్లో చప్పట్లు కొట్టి, ఆ శబ్దాన్ని బట్టి కెమెరాలను జత చేయడం పాత పద్ధతి. మంచిదే, కాని శబ్దం కూడా నడవాలి. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. చప్పట్లకు 2 మీటర్ల దూరంలో ఒక కెమెరా, 16 మీటర్ల దూరంలో మరొక కెమెరా ఉంటే రెండో దానికి శబ్దం 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మీరు శబ్దాలను ఖచ్చితంగా కలిపి, బొమ్మలను ఒక పూర్తి ఫ్రేము తేడాతో చెడగొట్టుకుంటారు. కూడలి వంటి విశాలమైన చోట శబ్దం కంటే వెలుగును నమ్మాలి: అన్ని కెమెరాలకూ కనిపించే చోట ఒక్కసారి వెలిగే ఫ్లాష్ చాలు.

ఇక రెండో చిక్కు. మొదట సరిగ్గా జత చేసినా, చివరికి వచ్చేసరికి తేడా పెరుగుతుంది. ప్రతి కెమెరాలోనూ కాలాన్ని కొలిచే స్ఫటికం ఉంటుంది. అది పది లక్షల్లో 50 వంతులు తప్పుగా నడుస్తోందనుకుంటే గంటకు 180 మిల్లీసెకన్లు, అంటే నాలుగున్నర ఫ్రేములు. ఒక కెమెరా ముందుకు, మరొకటి వెనక్కు తప్పితే తేడా దీనికి రెట్టింపు. అందుకే ఫ్లాష్ వెలుగును మొదట్లోనే కాక చివర్లోనూ చూపించాలి. రెండు చోట్లా తేడా ఒకటే అయితే జరపడం చాలు. చివర్లో పెరిగి ఉంటే ఆ కెమెరా వీడియో వేగాన్ని స్వల్పంగా సాగదీయాలి, లేదా కుదించాలి. గంటకు ఏకంగా 3.6 సెకన్ల తేడా వస్తే మాత్రం స్ఫటికాన్ని నిందించకండి: ఒక కెమెరా 30 వద్ద, మరొకటి 29.97 వద్ద ఉన్నాయి. ఫోన్లు కలిపి వాడితే తేడా ఒక లెక్కకు అందదు. వెలుతురు తగ్గినప్పుడు అవి తమంతట తామే ఫ్రేముల వేగం తగ్గించుకుంటాయి.

ప్రయోగశాలలో దీనికి శాశ్వతమైన మందు, కెమెరాలన్నింటికీ ఒకే మూలం నుంచి ట్రిగ్గరు సంకేతం పంపడం. నెట్‌వర్క్ కెమెరాలైతే ఐఈఈఈ 1588 అనే ప్రమాణం ప్రకారం గడియారాలను మైక్రోసెకన్ల స్థాయిలో కలపవచ్చు. కలిశాయో లేదో పరీక్షించడానికి చాలామంది ఫోన్ తెర మీద స్టాప్‌వాచ్ చూపిస్తారు. ఆ తెర సెకనుకు 60 సార్లే మారేదైతే 17 మిల్లీసెకన్ల కంటే చిన్న తేడాను అది చూపలేదు. వరుసగా 2 మిల్లీసెకన్ల చొప్పున వెలిగే పది ఎల్‌ఈడీలను ఒక ఆర్డినో పలకకు తగిలిస్తే, ఏ కెమెరా ఏ దీపాన్ని చూసిందో లెక్కపెట్టవచ్చు. ఇది ఒక మధ్యాహ్నపు పని.

8. క్రమాంకనం

ఏ కెమెరా ఎక్కడ ఉంది, ఎటు చూస్తోంది, దాని కటకం నాభ్యంతరం ఎంత అన్న విషయాలను చదరంగపు గళ్ల పలకతో కనుక్కుంటాం. జెంగ్యూ జాంగ్ 2000లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ దీనికి ఆధారం. పలక చదునుగా ఉండాలి. అట్టకు అంటించిన కాగితం వానాకాలంలో వంగుతుంది, గాజుకో లోహపు పలకకో అంటించండి. ఒక వైపు గళ్లు సరిసంఖ్యలో, రెండో వైపు బేసిసంఖ్యలో ఉంటే పలకను తలకిందులుగా పట్టుకున్నా తికమక ఉండదు.

సాఫ్ట్‌వేర్ చూపే సగటు దోషం సగం బిందువు కంటే తక్కువ వచ్చిందని సంబరపడే ముందు, పలకను బొమ్మ మధ్యలోనే చూపించారా, మూలల్లో కూడా చూపించారా అన్నది చూసుకోండి. మధ్యలోనే చూపిస్తే దోషం తక్కువగా వస్తుంది, మూలలు మాత్రం వంకరగానే ఉంటాయి. క్రమాంకనం తరువాత ఆటోఫోకస్, కంపన నివారణ రెండూ ఆపేయాలి. అవి మీ వెనుక కటకాన్ని జరుపుతూనే ఉంటాయి. కటకం వలయానికి టేపు అంటించండి. స్టాండు కాళ్లకు ఇసుక సంచులు వేలాడదీయండి, ఆర్టీసీ బస్సు ఒకటి పక్క నుంచి పోతే చాలు, కెమెరా కొద్దిగా కదిలి క్రమాంకనం చెడుతుంది.

మార్కెట్‌లో మరొక విచిత్రం ఎదురుకావచ్చు. కట్టడంలో ఒక భాగం సరిగ్గా ఒక కమాను వెడల్పున పక్కకు జరిగి కనిపిస్తుంది. కమానులన్నీ ఒకేలా ఉండటంతో, ఒక కెమెరాలోని మూడో కమానును సాఫ్ట్‌వేర్ మరొక కెమెరాలోని నాలుగో దానితో జత చేసిందన్నమాట. వారసత్వ కట్టడానికి గుర్తులు అంటించకూడదు. వేర్వేరు గుర్తులున్న పలకలను స్టాండుల మీద అక్కడక్కడ నిలిపితే సరిపోతుంది.

9. ప్రయోగశాల బయట: దుకాణాల కెమెరాలు

మీలో చాలామందికి ఎనిమిది ఒకేరకపు కెమెరాలు దొరకవు. కాని వీధిలో అంతకంటే పెద్ద బహుళ కెమెరా అమరిక ఇప్పటికే ఉంది. జనం ఎక్కువగా చేరే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, 30 రోజుల రికార్డింగు ఉంచాలని 2013 నాటి ప్రజాభద్రత చట్టం చెబుతోంది. వాటి గడియారాలు మాత్రం ఎవరి దారి వారిది.

అబిడ్స్‌లోనో నాంపల్లిలోనో మీరు ఒక దుకాణంలో పనిచేస్తున్నారనుకోండి. ఒక దొంగతనం విచారణలో, సాయంత్రం ఒక మనిషి ఎటు నుంచి ఎటు నడిచాడన్నది తేలాలి. మార్కెట్ దగ్గరి మొదటి దుకాణం డీవీఆర్‌లో అతను 18:50:00కు కనిపించాడు. నాంపల్లి స్టేషను వైపు 300 మీటర్ల దూరంలో ఉన్న రెండో దుకాణంలో 18:44:45కు కనిపించాడు. పైపైన చూస్తే అతను నాంపల్లి వైపు నుంచి మార్కెట్‌కు వచ్చాడు. ఇప్పుడు గడియారాలు చూద్దాం. మొదటి డీవీఆర్ అసలు సమయం కంటే 6 నిమిషాల 30 సెకన్లు ముందుంది. రెండోది 2 నిమిషాల 15 సెకన్లు వెనుక ఉంది. సరిచేస్తే మొదటి దుకాణం వద్ద 18:43:30, రెండో దాని వద్ద 18:47:00. అతను మార్కెట్ నుంచి నాంపల్లి వైపు వెళ్లాడు. మూడున్నర నిమిషాల్లో 300 మీటర్లు, మామూలు నడక వేగానికి సరిపోతుంది కూడా. గడియారం చూడకపోతే మనిషి నడిచిన దిశే తారుమారవుతుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టులో అది ఒకరి బెయిలుకో, శిక్షకో సంబంధించిన విషయం కావచ్చు.

ఇటువంటి సందర్భంలో మొదట చేయకూడని పని డీవీఆర్ గడియారాన్ని సరిచేయడం. సరిచేసిన క్షణంలోనే పాత తేడాకు సాక్ష్యం పోతుంది. డీవీఆర్ తెరనూ, నెట్‌వర్క్ సమయం చూపే ఫోనునూ ఒకే ఫొటోలో తీయండి. తేడా ఎంతో, ముందుందో వెనుకుందో, ఏ తేదీన చూశారో రాసి సంతకం చేయండి. ఆ తరువాతే ఫుటేజీ నకలు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రంలో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. దాన్ని నకలు తీసినప్పుడే లెక్కించి పెట్టుకోండి.

అభ్యాసం: పై ఉదాహరణలో తేడాలను సంఘటన జరిగిన 30 రోజుల తరువాత కొలిచారనుకోండి. డీవీఆర్ స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు తప్పితే, ఈ 30 రోజుల్లో తేడా ఎంత మారి ఉంటుంది? నడక దిశ గురించిన నిర్ణయం అప్పుడు మారుతుందా?

జవాబు: రోజుకు 86,400 సెకన్లలో 1.73 సెకన్లు, 30 రోజులకు దాదాపు 52 సెకన్లు. రెండు డీవీఆర్‌లూ వ్యతిరేక దిశల్లో తప్పినా తేడా 1 నిమిషం 44 సెకన్లకు మించదు. మన దగ్గర 3 నిమిషాల 30 సెకన్ల ఎడం ఉంది కాబట్టి దిశ మారదు; నడక వేగం లెక్క మాత్రం నమ్మదగినది కాదు. అయితే ఈ మధ్యలో కరెంటు పోయి, డీవీఆర్ లోపలి బొత్తాం బ్యాటరీ అయిపోయి, గడియారం మొదటికి వచ్చి ఉంటే ఈ లెక్క ఏదీ పనిచేయదు. అప్పుడు రెండు కెమెరాలూ ఒకేసారి చూసిన సంఘటన కోసం ఆ సాయంత్రపు ఫుటేజీలోనే వెతకాలి. వీధి దీపాలు ఒక్కసారిగా వెలిగిన క్షణం, లేదా యూపీఎస్ ఉన్న దుకాణాల కెమెరాలకు చిక్కిన కరెంటు కోత క్షణం అందుకు పనికొస్తుంది. ముందుగా రెండు దుకాణాల ముందరి దీపాలూ ఒకే లైనులో ఉన్నాయో లేదో కనుక్కోండి.